నయం కాకపోతే విశ్వాసం లేనట్టేనా?

“విశ్వాసం ఉంటే రోగం నిలవదు. నిలిచిందంటే విశ్వాసంలోనే లోటుంది.” టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా స్వస్థత కూటాల్లోనూ, ఫోన్లో వినే ప్రసంగాల్లోనూ తిరిగి తిరిగి వినిపించే మాట ఇది. కొందరు గట్టిగా అంటారు, కొందరు మెత్తగా అంటారు. నోరు తెరిచి అననివాళ్లు కూడా బాగుపడినవాళ్లకే మైకిచ్చి, బాగుపడనివాళ్లను వెనక వరసలో కూర్చోబెట్టి చెప్పకనే చెబుతారు. ఇది అబద్ధమనీ, లేఖనాలకు విరుద్ధమనీ, మంచంలో ఉన్న మనిషి మీద చేసే దౌర్జన్యమనీ నేనంటాను. విశ్వాసిగానే అంటాను. యేసును ప్రభువని ఒప్పుకున్నవాడు ఆయన పేరు మీద జరిగే అన్యాయాన్ని చూస్తూ ఊరుకోకూడదు.

ముందు నేల సంగతి చూద్దాం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి, పనస తోటలతో కళకళలాడే, ఉద్దానం అని పిలిచే ఈ మండలాల్లో 1990ల నుంచి డాక్టర్లు ఒక విచిత్రం గమనిస్తూ వచ్చారు. మధుమేహం లేదు, రక్తపోటు లేదు, అయినా నడివయసు రైతులకు, కూలీలకు కిడ్నీలు పాడైపోతున్నాయి. 2,210 మందిని పరీక్షించి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో నూటికి 18 మందికి కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. వాళ్లలో నూటికి 70 మందికి పైగా షుగరు, బీపీ లాంటి మామూలు కారణాలేవీ కనిపించలేదు. ఎండలో నీళ్లు తాగకుండా చేసే చాకిరీయా, భూగర్భ జలంలో ఏదైనా ఉందా, పురుగుమందులా, ఒళ్లునొప్పులకు మింగే మాత్రలా, లేక ఇవన్నీ కలిసా అన్నది ఇప్పటికీ తేలలేదు. శ్రీలంకలో వరి పండించే ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే కూలివాళ్లను పట్టి పీడిస్తోంది.

ఇప్పుడా బోధకుల్ని ఒక ప్రశ్న అడుగుతాను. కొబ్బరి తోటల నడుమ ఉన్న ఈ ఊళ్లలో విశ్వాసం తగ్గిపోయి, జబ్బు ఇంత తీవ్రంగా లేని పాతపట్నం, పాలకొండ వైపు పెరిగిపోయిందా? ఒకే పాస్టరుగారు రెండు చోట్లా వాక్యం చెబుతారు, ఒకే పాటలు పాడతారు, ఒకే రొట్టె విరుస్తారు. ఒక చోట కిడ్నీలు పోతాయి, ఒక చోట పోవు. కవిటిలో హిందువుకూ పోతాయి, క్రైస్తవుడికీ పోతాయి. ఎండకూ నీళ్లకూ మతం తెలియదు. కారణం ఏమిటో శాస్త్రవేత్తలు ముప్పై ఏళ్లుగా వెతుకుతున్నారు. వేదిక మీద నిలబడ్డ మనిషికి మాత్రం క్షణంలో తెలిసిపోతుంది, అది రోగి గుండెలోనే ఉందని.

ఈ బోధ ఇళ్లలోకి వెళ్లి ఏం చేస్తుందో దగ్గరి నుంచి చూడాలి. డయాలసిస్ మొదలైన మనిషి వారానికి రెండు మూడు సార్లు మిషన్ పక్కన నాలుగేసి గంటలు పడుకోవాలి. మిషన్‌కు రక్తం పంపే దారిగా చేతిలో ఫిస్టులా పెట్టిన చోట నరం ఉబ్బి ఉంటుంది, వేలు ఆనిస్తే లోపల గిర్రున రక్తం తిరుగుతున్నట్టు తెలుస్తుంది. ఆ చేత్తో బరువెత్తకూడదు, బీపీ చూపించుకోకూడదు. రోజుకు తాగే నీళ్లు గ్లాసుతో కొలుచుకోవాలి. అన్నిటికంటే నా మనసును కలచివేసేది కొబ్బరినీళ్ల సంగతి. అందులో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. తాను నాటిన చెట్టు, తాను ఎక్కి దింపిన గెల, ఇంటికొచ్చిన చుట్టానికి తన చేత్తో కొట్టిచ్చిన బొండాం. తాను మాత్రం చుక్క ముట్టకూడదు.

ఇలాంటి ఇంటికి ప్రార్థన చేయడానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ “మీ విశ్వాసం ఇంకా బలపడాలి” అనేసి పోతారు. సోంపేట దగ్గరి పల్లెలో ఒక ఇల్లాలు నాతో అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. “నా ఇస్వాసం సాల్లేదంటన్నారు బాబూ. రోజూ తెల్లారగట్ట మోకాళ్ల మీదే ఉంతన్నాను గదా, ఇంకెంత కావాలంట?” పెనిమిటికి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎనిమిది దాటింది. పుస్తెలు తాకట్టులో ఉన్నాయి. పెద్దకొడుకు చదువు మానేసి హైదరాబాదులో కూలి పనికి పోయాడు. ఇవి చాలవన్నట్టు, పెనిమిటి జబ్బుకు తన విశ్వాసమే కారణమేమోనన్న దిగులు కూడా ఆమె నెత్తిన పెట్టారు. జబ్బు దేవుడు పెట్టాడో లేదో నేను చెప్పలేను గాని, ఆ దిగులు పెట్టింది మాత్రం మనుషులే.

దిగులుతో ఆగినా బాగుండేది. “స్వస్థత పొందానని నమ్ము, మాత్రలు మింగితే నమ్మనట్టే” అని చెప్పేవాళ్లున్నారు. బీపీ మాత్రలు మానేస్తే మిగిలిన కిడ్నీ కూడా త్వరగా పోతుంది. ఉపవాస కూటమని రెండు డయాలసిస్‌లు తప్పిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం వస్తుంది, పొటాషియం పెరుగుతుంది, తెల్లారేసరికి మనిషి ఉండకపోవచ్చు. అలా పోయినవాడి సమాధి దగ్గర కూడా “ప్రభువు పిలుచుకున్నాడు” అనే అంటారు గాని, మాత్రలు మాన్పించింది ఎవరన్న ప్రశ్న ఎవరూ వేయరు.

బోధకులు లేఖనాలు చూపిస్తారు కాబట్టి లేఖనాల దగ్గరికే వెళ్దాం. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు అడిగిన మొదటి ప్రశ్న ఎవరి పాపం అని. వాడిదీ కాదు, వాణ్ని కన్నవాళ్లదీ కాదని యేసు ఆ ప్రశ్ననే తోసిపుచ్చాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు మిగతా యెరూషలేమువాళ్ల కంటే పాపులేం కాదన్నాడు. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద మాట లేకుండా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు. నోరు విప్పి, ‘నీలో ఏదో తప్పు ఉండబట్టే ఇది వచ్చింది’ అని వాదించడం మొదలుపెట్టాకే చెడిపోయారు. పుస్తకం చివర దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీదే. తన బాధను దేవుడి ముఖం మీదే అరిచి చెప్పిన యోబు సరిగా మాట్లాడాడని తీర్పు వచ్చింది.

పౌలు సంగతి చూడండి. తన శరీరంలో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. పౌలుకు విశ్వాసం చాల్లేదని ఈ బోధకుల్లో ఒక్కరు అనగలరా? తోటి పనివాడు త్రోఫిము రోగంతో ఉంటే మిలేతులో విడిచి వచ్చానని ఆయనే రాసుకున్నాడు. ఎపఫ్రొదితు చావు దాకా వెళ్లాడు. తిమోతికి తరచూ కడుపు జబ్బు చేస్తుంటే ‘ఇంకా గట్టిగా నమ్ము’ అని రాయలేదు, ఆ రోజుల్లో మందుగా వాడే ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నాడు. కడదాకా ఆయన పక్కన ఉన్న లూకా వైద్యుడు. అపొస్తలుడే డాక్టరును వెంటపెట్టుకుని తిరిగితే, ఉద్దానం రోగి పలాస ఆసుపత్రికి వెళ్లడం అవిశ్వాసం ఎట్లా అవుతుంది?

“యేసు స్వస్థపరచలేదా మరి?” అంటారు. స్వస్థపరచాడు. ఇప్పటికీ ప్రార్థన వింటాడని నమ్ముతాను. వైద్యులు చేతులెత్తేసినవాళ్లు లేచి తిరిగిన సందర్భాలు ఉంటే దేవునికి స్తోత్రం చెప్పేవాళ్లలో నేనూ ఉంటాను. నా తగువు స్వస్థతతో లేదు. స్వస్థత రానివాడి మీద వేసే నిందతోనే ఉంది. నాలుగు సువార్తలు తిరగేసినా, సాయం కోసం వచ్చిన రోగిని ‘నీ విశ్వాసం సరిపోదు, వెళ్లు’ అని యేసు పంపేసిన ఘట్టం ఒక్కటీ లేదు. నజరేతులో అవిశ్వాసం వల్ల అద్భుతాలు ఎక్కువ చేయలేదని గుర్తు చేస్తారు. ఆ అవిశ్వాసం రోగులది కాదు. ‘వడ్లవాడి కొడుకు కాడా వీడు’ అని చులకన చేసిన ఊరివాళ్లది. ఆ ఊళ్లో కూడా ఆయన కొందరు రోగుల మీద చేతులుంచి బాగుచేసే వెళ్లాడు.

మూర్ఛరోగంతో కొట్టుకుంటున్న కొడుకును తెచ్చిన తండ్రి సగం నమ్మకంతోనే వచ్చాడు, ఆ సంగతి దాచుకోలేదు. అయినా కొడుకు బాగయ్యాడు. ఆ ఘట్టాన్ని మత్తయి రాసిన తీరు మన బోధకులు ఒకసారి నిదానంగా చదవాలి. శిష్యులు ప్రయత్నించి విఫలమయ్యారు. తర్వాత చాటుగా వచ్చి, మావల్ల ఎందుకు కాలేదని అడిగారు. అల్పవిశ్వాసమని యేసు మందలించింది పిల్లవాణ్ని కాదు, తండ్రిని కాదు, ప్రార్థన చేయబోయిన శిష్యుల్ని. స్వస్థత జరగనప్పుడు ఎవరి విశ్వాసాన్నయినా కొలవాలంటే ఆ కొలత ముందు వేదిక మీది నుంచే మొదలవ్వాలి. ఈ వాక్యాన్ని ఆ వైపు తిప్పి ప్రసంగించినవాళ్లను నేను చూడలేదు.

కపెర్నహూములో పక్షవాయువు రోగి సంగతి మరీ ముఖ్యం. నలుగురు మనుషులు మంచంతో సహా మోసుకొచ్చారు, జనం దారివ్వకపోతే పైకప్పు విప్పి దింపారు. యేసు వారి విశ్వాసాన్ని చూశాడని ఉంది. మోసినవాళ్ల విశ్వాసం. రోగి నమ్మాడో, మంచంలో పడి పడి విసిగిపోయాడో ఎవరికీ పట్టలేదు. మనవాళ్లు దీన్ని తలకిందులు చేశారు. విశ్వాసం బరువంతా లేవలేనివాడి మీద వేసి, మోయవలసిన నలుగురూ చేతులు కట్టుకుని ‘హల్లెలూయ’ అంటున్నారు.

ఈ బోధ ఉద్దానంలో పుట్టింది కాదు, ఇక్కడి క్రైస్తవుల వారసత్వమూ కాదు. 20వ శతాబ్దపు అమెరికాలో కెన్నెత్ హేగిన్ లాంటివాళ్లు, నోటితో ఒప్పుకుని నమ్మితే ఆరోగ్యం, ఐశ్వర్యం విశ్వాసి హక్కు అని ప్రకటించారు. కానుకను విత్తనంగా విత్తితే దేవుడు పంటగా తిరిగిస్తాడని ఓరల్ రాబర్ట్స్ టీవీలో ప్రచారం చేశాడు. కేబుల్ చానళ్లు వచ్చాక అదే మాట తెలుగులోకి దిగింది. ఆ ఉద్యమ చరిత్రను పరిశోధించిన కెనడా చరిత్రకారిణి కేట్ బౌలర్‌కు 2015లో, ముప్పై అయిదేళ్ల వయసులో, నాలుగో దశ క్యాన్సర్ బయటపడింది. ఆ జబ్బులో ఉండగానే, అన్నిటికీ ఒక కారణం ఉంటుందనే ఓదార్పు మాటలు రోగికి ఎంత చేటు చేస్తాయో ఆమె పుస్తకంగా రాసింది. ఆమె క్రైస్తవ విశ్వాసాన్ని వదిలిపెట్టలేదు.

మన సొంత వారసత్వం ఏమిటి? పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. విశ్వాసం ఆయనకు ఆస్తి తెచ్చిపెట్టలేదు, కులాన్నీ అయినవాళ్లనూ దూరం చేసింది. ఆయన రాసిన కీర్తనలు ఈనాటికీ టెక్కలి నుంచి నెల్లూరు దాకా సంఘాల్లో పాడుతూనే ఉన్నారు. ఆ తర్వాత కెనడియన్ బాప్టిస్టు మిషన్‌వాళ్లు శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట ప్రాంతాల్లో బడులు పెట్టారు, సోంపేటలో ఆసుపత్రి కట్టారు. అక్కడ డాక్టర్ బెన్ గలిసన్ శుక్లాలు తీసి, చూపు పోయిందనుకున్న పేదలకు చూపు తెప్పించాడు. ఆయన పని గురించి విని కాల్గరీలో వ్యాపారి ఆర్థర్ జెంకిన్స్ 1963లో ఆపరేషన్ ఐసైట్ సంస్థ మొదలుపెట్టాడు. అది ఇప్పటికీ పలు దేశాల్లో పనిచేస్తోంది. మన సోంపేటలో ఒక డాక్టరు కత్తి పట్టుకుని చేసిన ప్రార్థన దాని వేరు. గుడ్డివాడికి విశ్వాసం పెరిగే దాకా ఆగి ఉంటే ఆ ఆసుపత్రే ఉండేది కాదు.

నయం కాకపోతే విశ్వాసం లేదనే అబద్ధానికి రెండో ముఖం ఒకటుంది. నయం కానప్పుడు, “దేవుని చిత్తం, సహించుకో” అంటారు. మొదటిదానికి వ్యతిరేకంలా కనిపిస్తుంది గాని రెండూ చేసేది ఒకటే, కష్టం ఎక్కడి నుంచి వచ్చిందని అడగనివ్వవు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కాపుకొచ్చిన కొబ్బరి చెట్లు, తరాల నాటి జీడి తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. ఆదివారానికల్లా అది దేవుని ఉగ్రత అన్నవాళ్లు ఉన్నారు. మందిరం పైరేకులూ ఎగిరిపోయాయి, గుడి ముందు రావిచెట్టూ పడిపోయింది, ఉగ్రత ఎవరి మీద? కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఆ రైతు ఏం తిని బతకాలి, అప్పు ఎట్లా తీర్చాలి అన్న ప్రశ్నకు ఉగ్రత ప్రసంగంలో జవాబు ఉండదు. సిలోయము గోపురం సంగతి తెలిసినవాళ్లు అయినా నోరు కట్టుకోవలసింది.

సహించుకోవడం ఈ నేల స్వభావమూ కాదు. బీల అనే చిత్తడి నేలల్ని థర్మల్ ప్లాంటుకు ఇవ్వబోమని 2010 జులై 14న సోంపేట జనం అడ్డం నిలబడ్డారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. బీల మిగిలింది. కిడ్నీ రోగుల గోడు దశాబ్దాల పాటు ఊరూరా వినిపిస్తేనే పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న తెరుచుకున్నాయి, 807 గ్రామాలకు హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకం వచ్చింది. కట్టిన ఆసుపత్రిలో డాక్టర్లు చాలినంత మంది ఉండాలి, వేసిన కుళాయిలో రోజూ నీళ్లు రావాలి. వాటి కోసం అడుగుతూనే ఉండాలి. ఎలా ప్రార్థించాలో నేర్పడానికి యేసు చెప్పిన కథలో ఒక విధవరాలు దేవునికి భయపడని న్యాయాధిపతి గుమ్మం దగ్గరికి పదే పదే వెళ్లి, విసిగించి న్యాయం రాబట్టుకుంది. ప్రార్థనకు ఆయన చూపించిన నమూనా అదయితే, అర్జీ పట్టుకుని కలెక్టరు కార్యాలయానికి వెళ్లే కిడ్నీ రోగి భార్య ప్రార్థనలోనే ఉన్నట్టు లెక్క.

డిసెంబరు 31 రాత్రి మన సంఘాల్లో వాగ్దాన కార్డులు తీస్తారు. పళ్లెంలో బోర్లించిన కార్డుల్లోంచి ఒకటి తీసుకుని ఆ ఏటికి అది దేవుడు తనకిచ్చిన మాటగా దాచుకుంటారు, బైబిలులో పెట్టుకుంటారు, గోడకు అంటిస్తారు. నాకూ ఆ రాత్రి ఇష్టం. కానీ ఆ పళ్లెంలో ఉన్నవన్నీ ఆశీర్వాదాలే. విలాపవాక్యముల నుంచి ఏడుపు ఒక్కటి ఎవరూ అచ్చువేయరు. 88వ కీర్తన మొదటి నుంచి చివరిదాకా మొరే, చీకటి దగ్గరే ఆగిపోతుంది, ఊరటగా ముగియదు. దాన్ని కూడా ఆరాధనలో పాడుకోవడానికే లేఖనాల్లో ఉంచారు. కీర్తనల్లో మొరలకు అంత చోటుంటే, మన ఆరాధనలో వాటికి పది నిమిషాలు లేవు. డయాలసిస్ నుంచి వచ్చి నీరసంతో చాప మీద కూర్చున్న మనిషి ఆశీర్వాదపు కార్డు తీసి, ఏడాదంతా దాన్ని చూస్తూ, తనలో ఏం తప్పుందోనని వెతుక్కుంటాడు. అదే మనిషికి 88వ కీర్తన చదివి వినిపిస్తే, తనలాంటివాడు ఒకడు దేవుడితో ఇలాగే మాట్లాడాడని తెలుస్తుంది.

“ఉన్న ఆశ కూడా తీసేస్తే ఇక ఏం మిగులుతుంది?” అని మంచి మనసుతోనే అడిగే పాస్టరుగార్లు ఉన్నారు. వారికి గౌరవంతోనే జవాబు చెబుతాను. మీరిస్తున్నది ఆశ కాదు, గడువు. ఈ కూటంలో, ఈ నలభై రోజుల ఉపవాసంలో, ఈ నూనెతో అని గడువు పెడుతున్నారు. అది దాటగానే మనిషి దేవుణ్నే వదిలేస్తాడు, లేదా తనను తాను వదిలేసుకుంటాడు. రెండూ నేను చూశాను. క్రైస్తవుడి ఆశ పునరుత్థానం మీద ఉంది, క్రియాటినిన్ తగ్గడం మీద లేదు. గెత్సేమనేలో యేసే ఈ గిన్నె తొలగించమని అడిగాడు, తొలగలేదు. చెమటోడ్చి, ఏడ్చి, స్నేహితులు నిద్రపోతే నొచ్చుకుని, చివరికి లేచి నడిచాడు. నిజమైన విశ్వాసి కష్టంలో చేయగలిగింది అంతే. అడగడం, ఏడవడం, పక్కవాళ్లను మెలకువగా ఉండమనడం, లేచి మిషన్ దగ్గరికి నడవడం. దానికి స్వస్థత కంటే తక్కువ విశ్వాసం కావాలా?

కాబట్టి ఉద్దానం సంఘాల పెద్దల్ని సూటిగా అడుగుతున్నాను. మాత్రలు మానమని మీ వేదిక మీద ఎవరు చెప్పినా అక్కడికక్కడే మైకు లాక్కోండి, అతిథి ప్రసంగీకుడైనా సరే. ప్రార్థన చేసి నూనె రాసిన మరునాడు అదే రోగిని పరీక్షలకు తీసుకెళ్లండి. సాక్ష్యాల సమయంలో ఒక ఆదివారం, నయం కాని మనిషిని ముందుకు పిలవండి. ఆయన కృతజ్ఞత చెప్పకపోయినా ఫర్వాలేదు, ఎట్లా ఉన్నాడో చెప్పనివ్వండి, మధ్యలో ఆపి సర్దిచెప్పకండి. ఆయన సంఘాన్ని అడిగే మొదటి సంగతి స్వస్థత గురించి కాకపోవచ్చు. మంగళవారం పొద్దున్నే పలాసకు బైకు మీద ఎవరు తీసుకెళ్తారు, మధ్యాహ్నం ఎవరు తిరిగి తెస్తారు అని అడగొచ్చు. కూర్చున్నవాళ్లలో నలుగురు చేతులెత్తాలి.